ఒడిస్సీ ఒక బండి కాదు, రెండు: హోండా ఫ్యామిలీ వ్యాన్ తరాల కథ

మీరు అడిగినవి రెండు విషయాలు. టోక్యోలో మీరు చూసిన ఒడిస్సీ అంత పొట్టిగా, కారులా ఉంటే, డల్లాస్‌లో మీ ఇంటి ముందున్న 2012 ఒడిస్సీ అంత పెద్దగా ఎందుకుంది, రెండిటికీ ఒకే పేరెలా వచ్చింది అన్నది ఒకటి. వేసవిలో మీ అమ్మానాన్నలు వస్తున్నారు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఇప్పుడు బండి మార్చాలా అన్నది రెండోది. రెండోదానికి జవాబు మొదటిదాంట్లోనే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

నేను కార్ల సీట్ల ఫ్రేములు డిజైన్ చేసే పనిలో 11 ఏళ్లు జపాన్‌లోని సైతామా ప్రాంతంలో ఉన్నాను. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొన్న మూడో తరం ఒడిస్సీ నడిపాను. టెక్సస్ వచ్చాక మీలాగే అమెరికా ఒడిస్సీ కొన్నాను. రెండు బళ్లలోనూ మా అమ్మను ఎక్కించి దించినవాణ్ణి. ఈ బండి మీద నాకున్న ఇష్టం చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మొదట ఆ రోజుల సంగతి. 1990ల మొదట్లో జపాన్‌లో బబుల్, అంటే భూములు, షేర్ల ధరల బుడగ, పగిలింది. అప్పుడు అక్కడి జనం సెడాన్లు వదిలి పజెరోలాంటి పెద్ద బళ్ల వెంట పడుతున్నారు. హోండా దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు. ఎంత కరువంటే, 1993లో ల్యాండ్ రోవర్ డిస్కవరీని తెచ్చి, దానికి క్రాస్‌రోడ్ అని పేరు పెట్టి హోండా షోరూముల్లో అమ్ముకున్నారు. సివిక్‌లు, అకార్డ్‌లు చేసే కంపెనీ అది. కొత్త బండి కోసం ఫ్యాక్టరీలో కొత్త తయారీ లైను వేసే డబ్బు లేదు, ధైర్యమూ లేదు.

కునిమిచి ఒడగాకి అనే ఇంజినీరు నాయకత్వంలో పనిచేసిన బృందానికి దొరికింది ఒక్కటే దారి: సైతామాలోనే ఉన్న హోండా సయామా ఫ్యాక్టరీలో అకార్డ్ తయారయ్యే లైను మీదే ఈ కొత్త బండి కూడా రావాలి. ఆ లైను సెడాన్ల కొలతకు కట్టింది. పొడుగు బాడీ అందులో పట్టదు. అంటే బండి గీయకముందే దాని నెత్తి మీద ఒక గీత ఉంది. ఆ గీత కిందే ఏడుగురిని కూర్చోబెట్టాలి.

ఇలాంటి చోట నాలాంటివాడైతే ముందు సీట్లు కుదించేవాడు. వాళ్లు నేల కిందికి దించారు. ఆ తరువాత ముప్పై ఏళ్లు జపాన్ ఒడిస్సీకి ప్రాణం పోసిన ఆలోచన ఇదే. అప్పటి జపాన్ వ్యాన్లు చాలావరకు ముందు సీట్ల కింద ఇంజిను పెట్టుకునేవి. 1990 టొయోటా ఎస్టిమాలో అయితే ఇంజిన్ను 75 డిగ్రీలు పక్కకు వాల్చి మరీ సీట్ల కింద పడుకోబెట్టారు. ఇంజినీరుగా చూస్తే ముచ్చటైన పని, కానీ ఎంత పడుకోబెట్టినా ఇంజిన్ ఇంజినే, దాని మీద నేల ఎత్తుగానే ఉంటుంది. హోండా బండిలో ఇంజిను కారులోలాగే ముందు బానెట్ కింద అడ్డంగా ఉంది. వెనక చక్రాలకు ఇంజిన్ శక్తి మోసుకెళ్లే పొడవాటి షాఫ్ట్ మామూలు మోడల్లో అవసరం లేదు. దాంతో మధ్యలో గుట్టలా లేచే భాగం పోయి నేల చదునుగా, కిందికి వచ్చింది.

1994 అక్టోబరులో వచ్చిన మొదటి ఒడిస్సీ ఎత్తు 1645 మి.మీ. ఇంజిను 2.2 లీటర్లు. నాలుగు తలుపులూ మామూలు కారులాగా బయటికి తెరుచుకునేవే. స్లైడింగ్ డోరు అంటే అప్పట్లో జపాన్‌లో సరుకులు మోసే వ్యాను గుర్తొచ్చేది, కాబట్టి ఆ తలుపులు కూడా దానికి కలిసొచ్చాయి. గేరు రాడ్ స్టీరింగ్ పక్కన పెట్టడం వల్ల ముందు సీట్ల మధ్య నుంచి వెనక్కి నడిచి వెళ్లే దారి మిగిలింది. 1994-95 జపాన్ కార్ ఆఫ్ ది ఇయర్‌లో ప్రత్యేక అవార్డు వచ్చింది. కష్టాల్లో ఉన్న కంపెనీని నిలబెట్టిన బళ్లలో ఇది మొదటి వరసలో ఉంటుంది.

ఇక నా వృత్తికి దగ్గరి విషయం, మూడో వరస సీటు. అంతకుముందు ఏడు సీట్ల బళ్లలో వెనక సీటు అక్కర్లేకపోతే పీకి ఇంట్లో ఓ మూల పెట్టుకోవాలి, లేదా పక్క గోడలకు మడిచి కట్టాలి. ఒడిస్సీలో వెనక నేలలో ఒక గుంత ఉంటుంది. సీటు వీపును ముందుకు వంచి, మొత్తం సీటును పట్టుకుని వెనక్కి దొర్లిస్తే ఆ గుంతలోకి దిగి, పైన చదునైన నేల మిగులుతుంది. వినడానికి సులువు. చేయడానికి మాత్రం బండి వెనకభాగమంతా మళ్లీ ఆలోచించాలి. ఆ గుంత ఉన్న చోటు మామూలుగా ఎవరిది? స్టెప్నీది. ఆ స్టెప్నీని తీసి మొదటి తరంలో డిక్కీ పక్క గోడలో నిలువుగా నిలబెట్టారు. తరువాత వచ్చిన పెద్ద అమెరికా ఒడిస్సీలో దాన్ని ముందు సీట్ల వెనక, కాళ్ల కింద, ఒక మూత తీస్తే కనపడేలా దాచారు. 2005 అమెరికా మోడల్ టూరింగ్ ట్రిమ్‌లో (ట్రిమ్ అంటే ఒకే బండిలో సౌకర్యాలను బట్టి వచ్చే రకం) అసలు స్టెప్నీయే లేకుండా పంక్చరైనా కొంత దూరం పోయే పాక్స్ టైర్లు వేశారు. వాటికి ప్రత్యేకమైన చక్రం కావాలి, మార్చడానికి ప్రత్యేకమైన మిషన్ కావాలి, అవి అన్ని షాపుల్లో ఉండవు. కొన్నేళ్లకే వదిలేశారు. పాత టూరింగ్ మోడల్ ఎవరైనా చౌకగా ఇస్తామంటే ముందు చక్రాలు చూడమని చెప్పేది అందుకే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఆ మొదటి ఒడిస్సీనే 1995 మోడల్‌గా అమెరికాకూ పంపారు. ఇసుజు కంపెనీ ఓయాసిస్ అని పేరు మార్చి అదే బండిని అమ్మింది. కానీ అక్కడ క్రైస్లర్ వ్యాన్ల ముందు ఇది చిన్నపిల్లలా ఉండేది. స్లైడింగ్ డోరు లేదు, ఆరు సిలిండర్ల వీ6 ఇంజిన్ లేదు. అమెరికా కుటుంబం వ్యాన్ నుంచి కోరుకునేది వేరు. హాకీ బ్యాగులు, స్ట్రోలర్, కాస్ట్‌కో సామాను పట్టాలి, ఒకే రోజులో 600 మైళ్లు పోవాలి. అక్కడే దారి రెండుగా చీలింది. 1999 మోడల్‌గా అమెరికా కోసం పూర్తిగా వేరే బండి చేశారు. పొడవు 5 మీటర్లు దాటింది, 3.5 లీటర్ల వీ6 పెట్టారు, రెండు పక్కలా స్లైడింగ్ డోర్లు వచ్చాయి. తయారీ కెనడాలోని ఆంటారియో రాష్ట్రం అలిస్టన్‌లో, తరువాత అలబామాలోని లింకన్‌లో. పేరు మాత్రం ఒడిస్సీయే. ఈ పెద్దదాన్ని జపాన్‌లోనూ కొన్నాళ్లు అమ్మారు, లాగ్రేట్ అనే పేరుతో. ఎందుకంటే ఒడిస్సీ పేరు అక్కడ అసలు ఒడిస్సీకి ఉంది. మీరు టోక్యోలో చూసిందీ, మీ ఇంట్లో ఉన్నదీ అప్పటినుంచి పేరొక్కటే ఉన్న దూరపు చుట్టాలు.

జపాన్‌లో రెండో తరం 1999 డిసెంబరులో వచ్చింది. మొదటిదాని నున్నటి రూపం, ఎత్తు 1630. ఆగి చెప్పాల్సింది పెద్దగా లేదు, 2001లో వచ్చిన అబ్సొల్యూట్ అనే స్పోర్టీ ట్రిమ్ తప్ప. ఏడుగురి బండిని కూడా మలుపుల్లో సరదాగా నడపొచ్చన్న పేరు దీనికి అక్కడే గట్టిపడింది.

మూడో తరం దగ్గర మాత్రం ఆగుతాను. 2003 అక్టోబరు. నేను నడిపిన బండి ఇదే, మీరు టోక్యోలో చూసింది ఇదో, దీని తరువాతిదో అయ్యుండాలి. ఎత్తు ఒక్కసారిగా 1550 మి.మీ.కి దిగింది. ఆ సంఖ్య ఎవరో సరదాకు ఎంచుకున్నది కాదు. జపాన్‌లో మామూలు కారు కొనాలంటే ఇంటికి 2 కిలోమీటర్లలోపు పార్కింగ్ జాగా ఉందని పోలీస్ స్టేషన్ నుంచి సర్టిఫికెట్ తేవాలి. ఊళ్లో అపార్టుమెంట్లలో ఆ జాగా చాలాచోట్ల మెకానికల్ పార్కింగ్. ఒక ఇనుప పళ్లెం మీద బండి పెడితే, పళ్లెం పైకో కిందికో పోతుంది, ఇంకో పళ్లెం వస్తుంది. పాతరకం టవర్లలో ఒక్కో పళ్లేనికి సెడాన్ పట్టేంత ఖాళీయే ఉంటుంది. గేటు దగ్గర పసుపు బోర్డు మీద రాసి ఉండే ఎత్తు చాలాచోట్ల ఒక్కటే: 1550. పైనుంచి ఒక గొలుసుకో కడ్డీకో అదే కొలత వేలాడుతుంటుంది. 1551 అయితే అక్కడే ఆగిపోవాలి.

మొదటి ఒడిస్సీకి ఫ్యాక్టరీ లైను హద్దు పెడితే, మూడోదానికి పార్కింగ్ టవర్ హద్దు పెట్టింది. తేడా ఏమిటంటే, ఈసారి ఆ హద్దును హోండా కోరి నెత్తికెత్తుకుంది. వెడల్పు కూడా 1800 దగ్గర ఆపారు. పైకప్పు 80 మి.మీ. దించి కూడా లోపలి ఎత్తు తగ్గనివ్వలేదు. ఎలా? పెట్రోలు ట్యాంకును పల్చగా, వెడల్పుగా చేసి నేల కింద పరిచారు, సైలెన్సర్ గొట్టం దారి మార్చారు, నేలను ఇంకా కిందికి తెచ్చారు. నేను పనిచేసిన చోట సీటు పట్టాల ఎత్తులో 2 మి.మీ. కోసం వారాల తరబడి మీటింగులు జరగడం చూశాను. 80 మి.మీ. అంటే ఎంత పనో ఊహించగలను. మా అపార్టుమెంటు టవర్‌లోకి ఆ బండి వెళ్తుంటే ప్రతి రాత్రీ ఒక నిమిషం నిలబడి చూసేవాణ్ణి. కప్పుకీ పై పళ్లేనికీ మధ్య సందు అంత తక్కువ. ఫోర్ వీల్ డ్రైవ్ మోడల్ ఎత్తు 1550 దాటుతుంది కాబట్టి ఆ టవర్‌లో పట్టదు. సెకండ్ హ్యాండ్‌లో వెతికేటప్పుడు నేను ముందు చూసుకున్నది అదే.

నడపడానికి అది అచ్చం కారే. 2.4 లీటర్ల ఇంజిను, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, కాళ్ల కింద బరువంతా నేలకు దగ్గరగా. కానీ మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు నాకు ఇంకోటి అర్థమైంది. ఆమె ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఇంకో చేత్తో తలుపు అంచు పట్టుకుని, తల వంచి, నడుము వంచి, మోకాలు మడిచి, ఈ మూడూ ఒకేసారి చేస్తే తప్ప రెండో వరసలోకి వెళ్లలేకపోయింది. నేల కింద ఉంది, మంచిదే. కానీ కప్పు కూడా కిందే ఉంది. లేచేటప్పుడు ఇంకా కష్టం. సీటు కిందికి ఉంటే లేవడానికి బలమంతా మోకాళ్లే పెట్టాలి. ఫ్యామిలీ వ్యాన్‌లో నేల ఎంత కిందికి ఉందో, తలుపు పైఅంచు ఎంత పైకి ఉందో, ఈ రెండూ కలిపి చూడాలని ఆ రోజు తెలిసింది.

జపాన్ జనానికీ అదే అనిపించినట్టుంది. నాలుగో తరం 2008లో 1545 ఎత్తుతో వచ్చేసరికి గాలి మారిపోయింది. టొయోటా ఆల్ఫార్డ్, నిస్సాన్ ఎల్‌గ్రాండ్, హోండా వాళ్లదే స్టెప్ వాగన్ వంటి పొడుగు పెట్టెలు, అన్నిటికీ స్లైడింగ్ డోర్లు. ఇరుకు పార్కింగ్‌లో పిల్లలు తలుపు విసిరినా పక్క బండికి తగలదు, చంకలో బిడ్డతో నిలబడే లోపలికి వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో ఈమధ్య కనిపించే వెల్‌ఫైర్ ఆ పొడుగు పెట్టెల వంశానిదే. నాలుగో తరం ఒడిస్సీ మంచి బండి, దాన్ని ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జనం మాత్రం ముందుకెళ్లిపోయారు.

అప్పుడు హోండా చేసిన పని కొంతమందికి కోపం తెప్పించింది, నాకు మాత్రం నచ్చింది. 2013 నవంబరులో వచ్చిన ఐదో తరంలో ఎత్తును 1690 చుట్టుపక్కలకు పెంచి, స్లైడింగ్ డోర్లు పెట్టారు. అప్పటిదాకా విడిగా అమ్మిన పెద్ద వ్యాన్ ఎలిసియాన్‌ను ఆపేసి ఆ బాధ్యత కూడా దీనికే అప్పగించారు. టవర్ పార్కింగ్‌ను వదులుకున్నారు. కానీ నేల సంగతి వదల్లేదు. తలుపు దగ్గర మెట్టు భూమికి సుమారు 30 సెంటీమీటర్లే. మన ఇళ్ల ముందు రెండు మెట్లంత కూడా ఉండదు. అప్పట్లో నా సహోద్యోగి ఒకాయన ఆ బండి కొన్నాడు. మా అమ్మ రెండోసారి వచ్చినప్పుడు ఆయన స్టేషన్ నుంచి తీసుకొచ్చాడు. ఆమె గడప దాటినట్టు దాటి లోపలికి వెళ్లి కూర్చుంది. చెయ్యి దేన్నీ పట్టుకోలేదు. రెండో వరసలో విడి సీట్లు, కాళ్లు చాపుకునే దిండు, వీపు పైభాగం విడిగా వంగే ఏర్పాటు కూడా ఉన్నాయి. అరగంట ప్రయాణంలో నిద్రపోయింది.

2016లో హైబ్రిడ్ వచ్చింది. 2020 చివర్లో చేసిన మార్పుల్లో తలుపు మీద వెలుగు కదిలే వైపుకు చెయ్యి ఊపితే తెరుచుకునే ఏర్పాటు పెట్టారు. అయితే సయామా ఫ్యాక్టరీలో కార్ల తయారీ ఆపేస్తామని 2017లోనే ప్రకటించారు. 1964 నుంచి నడిచిన ఫ్యాక్టరీ. ఒడిస్సీ పుట్టిన లైను ఆగిపోవడంతో 2021 ఆఖరికి ఒడిస్సీ కూడా జపాన్‌లో ఆగింది. ఆ వార్త చదివిన రోజు నిజంగా బాధపడ్డాను. మా కాలనీలో ఆ ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్లే కుటుంబాలు ఉండేవి. తరువాత 2023 డిసెంబరులో అదే ఐదో తరం బండి హైబ్రిడ్ రూపంలో మళ్లీ జపాన్ షోరూములకు వచ్చింది, ఈసారి చైనాలోని గువాంగ్జౌలో తయారై.

అమెరికా శాఖ గురించి తక్కువే చెబుతాను, మీరు రోజూ నడుపుతున్నదే కదా. 1999-2004 మోడళ్లలో ఆటోమేటిక్ గేరుబాక్సు ఇబ్బందులు అందరికీ తెలిసినవే. 1999 నుంచి 2001 దాకా వచ్చినవాటికి హోండానే గేరుబాక్సు వారంటీని 7 ఏళ్లకు, 1 లక్ష మైళ్లకు పెంచింది. 2005 తరంలో వెనక సీటు రెండు ముక్కలుగా మడిచే వీలొచ్చింది. 2011 తరం మీది, అద్దాల కింది గీత మెరుపులా విరిగి ఉండేది. రెండో వరస సీట్లను కాస్త పక్కలకు జరిపి పిల్లల కార్ సీట్లు మూడు పక్కపక్కనే బిగించేలా చేసింది దీంట్లోనే. 2014లో పై ట్రిమ్‌లో ఏకంగా వాక్యూమ్ క్లీనర్ పెట్టారు. 2018 నుంచి నడుస్తున్న తరంలో రెండో వరసలో మధ్య సీటు తీసేస్తే మిగతా రెండూ అడ్డంగా కూడా జరుగుతాయి.

ఈ అన్నిటిలోనూ 1994 నాటి ఆ గుంత అలాగే ఉంది. మూడో వరస సీటు పైకి లేపి ఉన్నప్పుడు దాని వెనక లోతైన తొట్టి మిగులుతుంది చూశారా, అదే. హైదరాబాద్ నుంచి వచ్చే తల్లిదండ్రుల 23 కిలోల పెట్టెలు నాలుగూ అందులో నిలువుగా దిగుతాయి. మా అమ్మ తెచ్చిన ఆవకాయ జాడీల పెట్టె ఒక్కసారి కూడా పక్కకు ఒరగలేదు. మన ఇన్నోవాలో ఏడుగురు ఎక్కాక పెట్టెలు ఎక్కడ పెట్టాలో తెలియక పైన క్యారియర్‌కు తాళ్లు కట్టిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. పాత ఇన్నోవా కింద నిచ్చెనలాంటి ఉక్కు ఫ్రేము ఉంటుంది, నడిపేవి వెనక చక్రాలు. గట్టి బండి, మన రోడ్లకు సరిపోయింది, కానీ నేల ఎత్తు, గుంతకు చోటు లేదు. 2022లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్‌తో టొయోటా వాళ్లూ ఆ ఫ్రేము వదిలి ముందు చక్రాల డ్రైవ్‌కు మారారు.

ఇక మీ రెండో ప్రశ్న. అమ్మగారి మోకాళ్ల కోసమే అయితే 2012 తీసి కొత్త ఒడిస్సీ కొనక్కర్లేదు. నేల ఎత్తులో, తలుపు ఎత్తులో మీకు తెలిసేంత తేడా లేదు. అమెరికా ఒడిస్సీ జపాన్ ఐదో తరమంత కిందికి ఎప్పుడూ రాలేదు. మూడో వరసలోకి పెద్దవాళ్లు తరచూ వెళ్లాల్సి వస్తేనే 2018 తరువాతిది ఆలోచించండి. సీట్లు పక్కకు జరిపితే మధ్యలో నడిచే దారి వస్తుంది, అది నిజంగా పనికొచ్చే మార్పు. మీరు చెప్పినట్టు పెద్దవాళ్లు రెండో వరసలో, పిల్లలు వెనక కూర్చునేటట్టయితే ఉన్న బండి చాలు. మైళ్లు లక్ష దాటి ఉంటే, టైమింగ్ బెల్టు మార్చిన రసీదు మీ దగ్గర లేకపోతే, వాళ్లు రాకముందే అది మార్పించండి. దాంతోపాటే వాటర్ పంపు కూడా. ఆ బెల్టు తెగితే ఇంజినే పోతుంది.

అలాగే తలుపు పక్కన నిలబడి భూమి నుంచి మెట్టు దాకా టేపుతో కొలవండి. అమ్మగారికి ఫోన్ చేసి వాళ్లింట్లో ఆమె ఇబ్బంది లేకుండా ఎక్కే మెట్టు ఎత్తు ఎంతో కొలిపించండి. తేడా 10 సెంటీమీటర్లు దాటితే, జారని రబ్బరు పైభాగం ఉన్న చిన్న స్టెప్ స్టూలు ఒకటి కొని డిక్కీ గుంతలో పెట్టుకోండి. రెండో వరస సీటును పూర్తిగా వెనక్కి జరిపి ఉంచండి, లేచేటప్పుడు పాదాలు ఆన్చుకోవడానికి చోటు ఉంటుంది.